రంగు మారిన పంటి సిమెంటుకు రోగినే నిందిద్దామా?

"పసుపు, కారం, టీ మానమంటే మీరు మానరు. రంగు మారక ఏమవుతుంది మరి?"

ముందుపన్నుకు పెట్టించుకున్న తెల్ల సిమెంటు ఏడాది తిరగకముందే పచ్చబడిందని క్లినిక్కుకు తిరిగి వెళ్లిన మనిషికి సాధారణంగా దొరికే సమాధానం ఇది. మా కల్లూరులో విన్నాను, కర్నూలు పాతబస్తీలో విన్నాను, కడప నుంచి వచ్చిన బంధువుల నోటా విన్నాను. విన్నవారు తప్పు తమదేనని తల దించుకుంటారు. పాతది తీయించి కొత్తది పెట్టించుకోవడానికి మళ్లీ డబ్బు కడతారు. ఈ సమాధానంలో నిజం సగమే ఉందని, న్యాయం బొత్తిగా లేదని చెప్పడానికే ఈ వ్యాసం.

బొరుగులు నానబెట్టి, పసుపు వేసిన తిరగమోతలో కలిపిన ఉగ్గాని, పక్కన మిరపకాయ బజ్జీ, వెనకనే గ్లాసెడు టీ. హంద్రీకి అటైనా ఇటైనా పొద్దుటి ఫలహారం ఇదే. ఇది దంతవైద్యుడికి తెలియని రహస్యం కాదు, ఆయన తినేదీ అదే. ఈ సీమలో వైద్యం చేస్తూ ఈ సీమ తిండిని నేరంగా చూపడం ఎలాంటిదంటే, నల్లరేగడిలో పునాది సరిగా తీయకుండా ఇల్లు కట్టిన మేస్త్రీ, గోడలు బీటలు వారాక "మీ నేల నెర్రెలిస్తే నేనేం చేయను" అనడం లాంటిది. నేల ఎలాంటిదో చూసి పునాది తీయడమే కదా అతని పని!

మన ప్రజలు దీన్ని సిమెంటు అంటారు. ఆ మాటలోనే కొంత పొరపాటు ఉంది. సిమెంటు అనగానే ఒకసారి గట్టిపడితే ఇక మార్పు లేనిదన్న భావం మనసులో పడిపోతుంది. పంటి రంగులో పెట్టే ఈ కాంపోజిట్ రెసిన్ నిజానికి ప్లాస్టిక్ జాతికి చెందిన జిగురు, అందులో కలిపిన అతి సన్నని గాజుపొడి. బరువులో నాలుగింట మూడొంతులకు అటూఇటూగా గాజే ఉంటుంది. పన్నును ఆమ్లంతో గరుకు చేస్తే ప్లాస్టిక్ దానిని పట్టుకుని నిలుస్తుందని అమెరికాలో మైకేల్ బునకోర్ 1955లో చూపాడు. నేటి కాంపోజిట్లకు మూలమైన రెసిన్‌కు రఫాయెల్ బోవెన్ 1962లో పేటెంటు పొందాడు. ఆ ఇద్దరి కృషివల్ల మనిషి పంటిని పెద్దగా తొలవకుండానే బాగుచేసే మార్గం దొరికింది. ఆ మేలును నేను తక్కువ చేయడం లేదు. పాదరసం కలిసిన వెండి పూరకాల వాడకాన్ని తగ్గించాలని 2013 నాటి మినమాటా ఒప్పందం కోరింది. మన దేశం 2018లో దానిని ధ్రువీకరించింది. కనుక రేపు దవడ పంటిలోనైనా, ముందు పంటిలోనైనా అందరికీ గతి ఈ పదార్థమే. అందుకే దాని గుణదోషాలు రోగికి ముందుగా తెలియాలి.

రంగు విషయంలో రెండు ప్రశ్నలున్నాయి. పెట్టిన రోజున అది పక్క పంటితో కలిసిందా? కలిసిన రంగు నిలిచిందా? ఈ రెండింటినీ కలగలిపి మాట్లాడడం వల్లనే నింద అంతా తిండి మీదికి పోతున్నది.

మొదటిది చూద్దాం. పన్ను ఒకే రంగు కాదు. పైన ఉండే ఎనామెల్ పొర కాంతిని కొంత లోపలికి పోనిస్తుంది. దాని అడుగున ఉన్న డెంటిన్ పసుపు ఛాయ బయటికి కనబడుతుంది. చిగురు దగ్గర ముదురు, నడుమ లేత, అంచున కొద్దిగా నీలి బూడిద. దీనికి సరితూగే ఛాయను ఎంచడానికి వైద్యుల దగ్గర షేడ్ గైడ్ అనే నమూనా పళ్ల వరుస ఉంటుంది. ఎక్కువమంది వాడేదానిలో ఏ, బి, సి, డి అనే నాలుగు కుటుంబాలుగా 16 ఛాయలున్నాయి. ఒక కంపెనీ ఏ2, మరో కంపెనీ ఏ2 ఒకటే కావు. చీటీ మీది అక్షరాన్ని నమ్మి డబ్బా తెరిచేవారు ఇక్కడే మొదటిసారి దెబ్బతింటారు.

రెండో దెబ్బ తగిలేది వేళ తప్పడం వల్ల. నోరు తెరిచి, దూది పెట్టి, గాలి ఊది ఆరబెట్టిన పన్ను కొద్ది నిమిషాల్లోనే తెల్లగా, సుద్దగా కనబడుతుంది. ఎనామెల్‌లోని తేమ పోయి ఆ సందుల్లో గాలి చేరడంతో వెలుతురు లోపలికి పోకుండా పైనే చెదిరిపోతుంది. ఆ తెలుపు తాత్కాలికం. తేమ తిరిగి చేరి పన్ను తన సహజ రంగుకు రావడానికి ఒక రోజు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పడుతుంది. ఆరిన పంటిని చూసి ఛాయ ఎంచుకుంటే మర్నాటికి పన్ను తన రంగుకు వస్తుంది, సిమెంటు మాత్రం పక్కన తెల్లగా మిగిలిపోతుంది. కాబట్టి ఛాయ ఎంచే పని కుర్చీలో కూర్చున్న వెంటనే, మత్తుసూదికి ముందే, పన్ను తడిగా ఉన్నప్పుడే జరగాలి. ఏ పాఠ్యపుస్తకం తెరిచినా ఉండే మాటే ఇది. ఎన్ని చోట్ల పాటిస్తున్నారో మీరు ఈసారి వెళ్లినప్పుడు గమనించండి.

ఇక వెలుతురు సంగతి. చీరకు రవిక గుడ్డ కొనేటప్పుడు మన ఆడవాళ్లు ఆ రెండింటినీ దుకాణం గడప దాకా తెచ్చి పగటి వెలుతురులో చూస్తారు. లోపలి దీపాల కింద కుదిరిన రంగు బయటికి వచ్చేసరికి తేలిపోతుందని వారికి అనుభవం. కాంపోజిట్‌కూ, పంటికీ మధ్య అదే తగువు ఉంటుంది. రెండు వేర్వేరు పదార్థాలు ఒక దీపం కింద ఒకటిగా, మరో దీపం కింద వేరుగా కనబడవచ్చు. రవిక గుడ్డకు చూపే ఆ శ్రద్ధ ముఖాన పదేళ్లు ఉండాలని పెట్టించుకునే వస్తువుకు చూపనక్కరలేదా? కిటికీ పక్కన, నేరుగా ఎండ పడని పగటి వెలుతురులో, రోగి ఎర్రటి పైటను బూడిదరంగు గుడ్డతో కప్పి, లిప్‌స్టిక్ ఉంటే తుడిపించి చూడాలి. ఒక్కొక్క నమూనాను కొద్ది క్షణాలే చూడాలి. తేరిపార చూస్తుంటే కన్ను అలసి తేడా పట్టుకోలేదు. అన్నిటికన్నా ముందు చూడవలసింది ఎరుపా పసుపా అన్నది కాదు, ఎంత వెలుగుగా ఉంది అన్నది. వెలుగు తప్పితే దూరం నుంచే కనబడుతుంది, ఛాయ కొంచెం తప్పితే దగ్గరికి వచ్చినా చాలామందికి తెలియదు.

ఇంకొక చిన్న పరీక్ష ఉంది, నిమిషం కూడా పట్టదు. ఎంచుకున్న కాంపోజిట్ ముద్దను ఆమ్లమూ జిగురూ లేకుండా పంటి మీద పెట్టి, దీపంతో గట్టిపరచి చూసి, గోటితో లేపినట్లు లేపేయవచ్చు. పచ్చిముద్ద రంగు వేరు, గట్టిపడ్డాక రంగు వేరు. ఈ పరీక్ష చేయకుండా పని మొదలుపెట్టడం, గోడకు సున్నం వేసి ఆరకముందే రంగు తేల్చేయడం వంటిది.

ఇటీవల ఒకే ఛాయ అందరికీ సరిపోతుందని చెప్పే కాంపోజిట్లు వచ్చాయి. 260 నానోమీటర్ల గుండ్రని రేణువులతో కాంతిని తిప్పి, చుట్టూ ఉన్న పంటి రంగులో కలిసిపోయే పదార్థం ఒకటి వాటిలో ప్రసిద్ధం. చుట్టూ మంచి పన్ను ఉన్న చిన్న గుంటలో అది బాగానే కలుస్తుంది. వెనక పన్ను లేని చోట నోటి చీకటి దానిలోంచి కనబడి బూడిదగా తోస్తుంది. మరక ఉన్న పంటి మీద పెడితే మరకనే చూపిస్తుంది. అందుకే దానికి తోడుగా అడుగున వేసే మరుగు పదార్థాన్ని కూడా ఆ కంపెనీయే అమ్ముతున్నది. "ఒకటే డబ్బా, అందరికీ సరి" అన్న ప్రకటనలో ఈ సంగతి చిన్న అక్షరాల్లో కూడా కనబడదు.

ఇప్పుడు అసలు తగాదా, అంటే రంగు నిలవడం గురించి.

కాంపోజిట్ గట్టిపడడానికి అందులో క్యాంఫర్‌క్వినోన్ అనే పసుపుపచ్చని పొడి ఉంటుంది. 468 నానోమీటర్ల దరిదాపుల్లోని నీలికాంతి పడగానే అది తోడున్న అమీన్‌తో కలిసి రెసిన్ అణువులను గొలుసులుగా అల్లిస్తుంది. అల్లిక ఎన్నడూ నూటికి నూరు జరగదు. సాధారణంగా 50 నుంచి 75 శాతం. కాంతి చాలకపోతే క్యాంఫర్‌క్వినోన్ ఖర్చుకాక మిగిలి తన పసుపును అలాగే ఉంచుతుంది. అమీన్ కాలక్రమేణా ఆక్సిజన్‌తో కలిసి పచ్చబడుతుంది. అల్లుకోని రెసిన్ నీటిని పీలుస్తుంది, ఆ నీటితో పాటు రంగులనూ లోపలికి రానిస్తుంది. ఈ పసుపు వంటింటిది కాదు, డబ్బాలోనిది. మంచినీళ్లు తప్ప మరేదీ ముట్టని మనిషి నోట్లో కూడా ఇది కొంత జరిగి తీరుతుంది.

కాంతి చాలిందో లేదో ఎవరు చూడాలి? దీపం కొన వద్ద ఎండిన రెసిన్ పొక్కు అంటుకుని ఉంటే సగం వెలుతురు అక్కడే ఆగిపోతుంది. దీపాన్ని పంటికి దూరంగా పట్టుకుంటే బలం తగ్గుతుంది. రెండు మిల్లీమీటర్ల పొరలుగా పెట్టవలసిన రకాన్ని ఒకే ముద్దగా నింపేస్తే అడుగున పచ్చిగానే మిగులుతుంది. దీపం బలాన్ని కొలిచే చిన్న మీటరు దొరుకుతుంది, దాని ధర ఒక్క ముందుపంటి పనికి తీసుకునే రుసుముకు అటూఇటూగా ఉంటుంది. మీ దగ్గర ఆ మీటరు ఉందా అని అడగడం రోగికి గొంతెమ్మ కోరిక కాదు.

మన ఎండల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. మే నెలలో కర్నూలులో 40 డిగ్రీలు దాటడం వింత కాదు. కాంపోజిట్ డబ్బాల మీద చాలా కంపెనీలు 25 డిగ్రీల లోపు ఉంచమని రాస్తాయి. ఫ్రిజ్ లేని గదిలో, రాత్రంతా మూసిన షట్టరు వెనక, రెండు వేసవులు గడిపిన ట్యూబులోని పదార్థం పుట్టినప్పటి గుణంతో ఉంటుందని ఎలా అనుకుంటాం? టీకాల మందుకు చల్లదనం ఎంత ముఖ్యమో మన గ్రామీణ ఆరోగ్య కార్యకర్తలకు కంఠోపాఠం. పంటి సిమెంటుకు ఆ పాఠం ఎవరూ చెప్పినట్లు లేదు.

చివరి పది నిమిషాల పని మరొకటి. గాలి తగిలే పైపొర సరిగా గట్టిపడదు. గాలిలోని ఆక్సిజన్ అల్లికను అడ్డుకుంటుంది. ఆ జిడ్డు పొరను గ్లిజరిన్ జెల్ పూసి మరోసారి కాంతి చూపి గట్టిపరచాలి, లేదా అరగదీసి తొలగించాలి. ఆ తరువాత ముతక నుంచి సన్నానికి వరుసగా బిళ్లలు మార్చి నునుపు చేయాలి. అప్పుడే పాచి పట్టదు, టీ రంగు నిలవదు. బయట వరండాలో మరో నలుగురు వేచి ఉన్నారని ఈ పది నిమిషాలు ఎగరగొట్టి, ఆరు నెలలకు రోగి వస్తే "పసుపు మానండి" అనడం నాకు సమ్మతం కాదు.

పసుపుకు నిజంగా దోషం లేదా? ఉంది. దాచవలసిన పని లేదు. కర్క్యుమిన్ నీటిలో సరిగా కరగదు, నూనెలో కరుగుతుంది. తిరగమోతలో వేసినప్పుడు నూనె పట్టుకుని ప్లాస్టిక్ జాతి పదార్థాల్లోకి సులువుగా దిగుతుంది. వంటింటి ప్లాస్టిక్ డబ్బాలు చూస్తే తెలుస్తుంది. ప్రయోగశాలల్లో పసుపు ద్రావణంలో నానబెట్టిన కాంపోజిట్ బిళ్లలు టీ, కాఫీలతో పోటీపడి, చాలాసార్లు వాటిని మించి రంగు మారాయి. రంగు తేడాను డెల్టా-ఇ అనే అంకెతో కొలుస్తారు. 1.2 దగ్గర చూసేవారిలో సగంమందికి తేడా తెలుస్తుంది, 2.7 దగ్గర సగంమంది ఇది ఒప్పుకోదగ్గది కాదంటారు. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 2016 నివేదికలోని హద్దులివి. పసుపు బిళ్లలు వీటిని ఎన్నో రెట్లు దాటాయి. అయితే కర్క్యుమిన్ వెలుతురుకు విరిగిపోతుంది. తెల్లచొక్కా మీది పసుపు మరక ఎండలో ఆరేస్తే వెలిసిపోవడం అందుకే. సరిగా గట్టిపరచి, నునుపు చేసిన కాంపోజిట్ మీది మరక చాలావరకు పైపైనే ఉంటుంది, పాలిష్‌తో పోతుంది. సరిగా చేయని దానిలోకైతే లోతుగా దిగుతుంది. తిండి ఇద్దరికీ ఒకటే అయినప్పుడు ఒకరి పన్ను నిలిచి, మరొకరిది పచ్చబడితే తేడా ఎక్కడుందో వేరే చెప్పాలా?

ఇంకో విచిత్రం ఉంది. కాంపోజిట్లకు వర్తించే ఐఎస్ఓ 4049 ప్రమాణంలో రంగు నిలకడ పరీక్ష ఉంది. నమూనాలను 37 డిగ్రీల నీటిలో ఉంచుతారు, బలమైన దీపకాంతికి గురిచేస్తారు, రంగు చెప్పుకోదగ్గంతగా మారకపోతే నెగ్గినట్లే. ఆ పరీక్షలో టీ లేదు, పసుపు లేదు, వక్కాకు లేదు. డబ్బా మీద ప్రమాణం ముద్ర ఉందని చూపి "ఇది రంగు మారదు" అని హామీ ఇచ్చేవారు నీళ్లలో నెగ్గిన దానికి ఉగ్గానిలో నెగ్గిందని సాక్ష్యం చెబుతున్నారు. కర్నూలులో జి. పుల్లారెడ్డి దంతవైద్య కళాశాల ఉంది, కడపలో ప్రభుత్వ దంతవైద్య కళాశాల ఉంది. గాజు పాత్రల్లో బిళ్లలు నానబెట్టిన అధ్యయనాలు లోకంలో కొల్లలు. మన మనుషుల నోళ్లలో, మన తిండితో, ఏ పదార్థం మూడేళ్లకు ఎలా ఉందో వరుసగా చూసి తెలుగులో ప్రజలకు చెప్పడం ఆ కళాశాలలకు తగిన పని.

ఇదంతా ఒక చిన్న మచ్చ గురించిన గొడవ అనుకునేవారుంటారు. రాయలసీమలో కాదు. ఇక్కడ ముందుపళ్ల రంగు మీద పెళ్లి సంబంధాలు ఆగుతాయి.

మన బోరునీళ్ల కథ పాతదే. పళ్ల మీది గోధుమరంగు మరకలకు నీటిలోని ఫ్లోరైడ్ కారణమని అమెరికాలో 1931లో తేలింది. మన వైపు, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో ఎముకలనూ వంచే ఫ్లోరోసిస్ ఉందని 1937లో వైద్యులు ప్రకటించారు. అనంతపురం, కర్నూలు, కడప జిల్లాల్లో ఎన్నో ఊళ్లు నేటికీ ఆ బాధ ఎరుగుదురు. తాగునీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము మించకూడదని, వేరే నీరు లేనిచోట 1.5 దాకా ఓర్చుకోవచ్చని మన భారతీయ ప్రమాణం చెబుతుంది. పంటి మీది మరక పడేది ఎనామెల్ తయారయ్యే వయసులోనే, అంటే సుమారు ఎనిమిదేళ్ల లోపు. ఇరవయ్యేళ్ల అమ్మాయి పళ్ల మీద ఈనాడు కనబడుతున్నది ఆమె పసితనంలో ఊరి బోరు ఇచ్చిన నీరు. వాటిని "గారపళ్లు" అని, తోముకోనందుకు వచ్చాయని ఎగతాళి చేస్తారు. అదీ అబద్ధమే, గార గీకితే పోతుంది, ఇది గీకితే పోదు.

ఈ పిల్లలే ముందుపళ్ల తెల్ల సిమెంటుకు పెద్ద గిరాకీ. పెళ్లి కుదిరాక, ముహూర్తానికి పది రోజుల ముందు వస్తారు. డోన్ వైపు పల్లె నుంచి వచ్చిన ఒక అమ్మాయి సంగతి నాకు తెలుసు. ఊరు పేరూ, వైద్యుడి పేరూ ఇక్కడ అనవసరం. పై ఆరు పళ్లకు ఒక్క పూటలో, షేడ్ గైడ్‌లోని మామూలు ఛాయలకన్నా తెల్లనిదైన బ్లీచ్ ఛాయ సిమెంటు పూశారు. ఫోటోల్లో పళ్లు సున్నం కొట్టిన గోడలా మెరిశాయి. కింది పళ్లు పాతరంగులోనే ఉన్నాయి. తండ్రి వేరుశనగ పంట మీద తెచ్చిన అప్పు అది. ఏడాదిన్నరకు ఆరు పళ్లూ పచ్చబడి, చిగురు వెంట గోధుమరంగు గీత తేలింది. ఫ్లోరైడ్ పట్టిన ఎనామెల్ ఆమ్లానికి సరిగా లొంగదు. దానికి తగ్గట్టు సిద్ధం చేయకపోతే అంచుల్లో సందు ఏర్పడి అక్కడే మొదట రంగు దిగుతుంది. "పసుపు ఎక్కువ తిన్నావమ్మా" అన్నారట. రెండోసారి గీకి, ఇంకొంచెం పన్ను అరగదీసి మళ్లీ పూశారు. అత్తగారి ఊళ్లో ఆ అమ్మాయి నవ్వేటప్పుడు కొంగు అడ్డం పెట్టుకుంటుందని వాళ్లమ్మ చెప్పింది.

మరక కప్పడానికి వాడిన పూరకం ప్రతిసారి తీసినప్పుడూ కొంత మంచి పన్ను దానితో పోతుంది. సిమెంటు మళ్లీ వస్తుంది గానీ ఎనామెల్ మళ్లీ పుట్టదు. మూడుసార్లు మార్చాక తొడుగు తప్ప దారి ఉండదు. ఇరవై మూడేళ్లకు ఆరు తొడుగులు! కాబట్టి పూతకు ముందు చూడవలసిన దారులు చూడాలి. మరక పైపొరలోనే ఉంటే ఆమ్లమూ ప్యూమిస్ పొడీ కలిపి రుద్ది మిల్లీమీటరులో పదోవంతు మేర తీస్తే చాలాసార్లు పోతుంది. తెల్లమచ్చలకు పలచని రెసిన్ ఇంకించే పద్ధతి ఉంది. పంటిని తెల్లబరచే మందు ఉంది. ఇవన్నీ చేశాక కూడా కనబడే చోట మాత్రమే, ఆ ఒక్క మచ్చ మేరకే కాంపోజిట్ పెట్టాలి. క్రమం ముఖ్యం: తెల్లబరచే మందు పన్నును తెల్లబరుస్తుంది గానీ సిమెంటును తెల్లబరచదు. ముందు పన్ను తెల్లబరచి, రంగు కుదుటపడి జిగురు పట్టడానికి ఒకటి రెండు వారాలు ఆగి, ఆ తరువాతే కాంపోజిట్ పెట్టాలి. ముహూర్తం పది రోజులుందనగా ఇదంతా కుదరదు. కుదరదని చెప్పి, పెళ్లినాటికి కుదిరినంత చేసి, మిగతాది తరువాత చూద్దామనడం వైద్యుడి బాధ్యత. ఆరు పళ్లకూ పూత పూసి పంపడం రంగులు వేసేవాడి పని.

వైద్యమిత్రుల ఆక్షేపణలు నేనెరుగుదును. "తెల్లగా కావాలని అడిగేది రోగే" అంటారు. నిజమే. జ్వరానికి సూది వేయమని అడిగేదీ రోగే; అడిగారని వేయడం మంచి వైద్యం కాదని మనమంతా చెబుతూ వచ్చాం. "ఇంత వివరంగా చేస్తే గిట్టదు, పక్క క్లినిక్కు తక్కువకు చేస్తుంది" అంటారు. అప్పుడు ధర పెంచండి, కారణం చెప్పండి. ఒక్కసారి మంచి పని రెండు చెడ్డ పనులకన్నా చవక అని వేరుశనగ రైతుకు లెక్క చెప్పనక్కరలేదు. "ఎన్నాళ్లుంటుందో కచ్చితంగా చెప్పలేం" అంటారు. ఆ మాటే రోగికి చెప్పమంటున్నాను. చెప్పలేని దానికి "శాశ్వతం" అని, "జీవితకాల గ్యారంటీ" అని బోర్డు పెట్టడం ఎందుకు? ప్రకటనలతో రోగులను ఆకర్షించడాన్నే దంతవైద్యుల నీతినియమావళి ఒప్పుకోదు.

శ్రద్ధగా చేసే వైద్యులు మన జిల్లాల్లో ఉన్నారు. పల్చని పొరలుగా పెట్టి, ఫోటో తీసి, ఆరునెలలకు పిలిపించి ఉచితంగా పాలిష్ చేసేవారినీ చూశాను. నా తగువు వారితో కాదు, అందరినీ వారితో సమానంగా నమ్మమనే వారితో.

రోగికి కొన్ని హక్కులున్నాయి. పని మొదలుకాకముందు ఛాయ నమూనాను మీ చేతి అద్దంలో, కిటికీ దగ్గర చూపమని అడగండి. ఇది మారే పదార్థమని, ఎంతకాలానికి పాలిష్ కావాలో, దానికి ఎంత అవుతుందో ముందే చెప్పించుకోండి. పని అయిన మొదటి ఒకటి రెండు రోజులు పసుపు, టీ, కాఫీ తగ్గించండి. అల్లిక చాలావరకు ఆ వేళల్లోనే పూర్తవుతుంది. తరువాత మామూలుగా తినండి, తిన్నాక పుక్కిలించండి. వక్కాకు, బీడీ, గుట్కాల మాట వేరు; అవి పంటి రంగుకన్నా పెద్ద ఆపదలు. క్లోర్‌హెక్సిడిన్ పుక్కిలింత మందును వైద్యుడు చెప్పినన్ని రోజులే వాడండి, అదీ మరకలు తెస్తుంది. రంగు మారితే వెంటనే తీసి మార్చమనకండి. ముందు పాలిష్ చేసి చూడమనండి. పోకపోతే పైపొర మాత్రం తీసి కొత్తపొర వేయవచ్చేమో అడగండి.

ఇంటికి వచ్చేటప్పుడు ఒక చీటీ తెచ్చుకోండి. అందులో పదార్థం పేరు, ఛాయ సంఖ్య, డబ్బా మీది బ్యాచి సంఖ్య, గడువు తేది, పని చేసిన తేది ఉండాలి. మరో ఊళ్లో మరో వైద్యుడు ఆ పంటిని బాగుచేయవలసి వస్తే ఆ చీటీయే ఆధారం. బి.పి. మాత్ర పేరు రాసి ఇచ్చే దేశంలో పంటిలో పెట్టిన వస్తువు పేరు రాసి ఇవ్వడానికి అభ్యంతరం ఉండకూడదు. అడిగితే విసుక్కునే చోట ఆ రోజు పని చేయించుకోకుండా లేచి రావచ్చు. నొప్పి లేని ముందుపన్నుకు రంగు కోసమే వెళ్లినప్పుడు, ఇంకో వారం ఆగి ఇంకొకరికి చూపించుకుంటే పోయేదేమీ లేదు.